లోపలి గడియ

మండీ పిన్నిగారు పోయారన్న కబురు నాకు బళ్ళో, పాఠం మధ్యలో అందింది. వాళ్ళ గుమాస్తా తరగతి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడి, "పిన్నిగారు పోయారండీ మేష్టారూ. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలా పక్కకి ఒరిగిపోయారండి. మీకు చెప్పి రమ్మన్నారు," అన్నాడు. తోటల్లో పూత రాలి పిందె నిలుస్తున్న రోజులు.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "అయ్యో" కాదు. "గదుల్లో వాళ్ళకి చెప్పారా?" అని అడిగాను.

గుమాస్తా నావైపు వింతగా చూశాడు. చెప్పలేదట. ఊరంతటికీ చెప్పారు. బాపులపాడులో వియ్యాలవారికి మనిషిని పంపారు. మండీ వెనక గదుల్లో ఉన్న ఆ నలుగురికీ చెప్పాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

తర్వాత వ్యాపారస్తులంతా కలిసి సంతాప సభ పెట్టారు. దండలు, బొట్టు పెట్టిన ఫోటో, అరువు మైకు. ఒకాయన ఆవిణ్ణి కరుణామూర్తి అన్నాడు. ఇంకొకాయన మనిషి రూపంలో నడిచొచ్చిన దేవత అన్నాడు. నాకు మైకు ఇవ్వలేదు. అది వాళ్ళ తెలివి. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడ దేవత కాదు. ఆవిడకి నోరుంది, పట్టుదల ఉంది, కోపం వస్తే వీధి చివరిదాకా వినిపించే గొంతుంది. గదుల్లో వాళ్ళని మొహం మీదే పిచ్చోళ్ళు అనేది. "అలా అనకూడదండీ" అంటే, "పిచ్చోణ్ణి పిచ్చోడనక పంతులనమంటావా?" అనేది. వాళ్ళ గ్లాసులు వంటింట్లో కాకుండా వసారా గూట్లో వేరే పెట్టేది. ఆ గూడు గురించి మేమిద్దరం ఎన్నిసార్లు పోట్లాడుకున్నామో లెక్కలేదు. చివరిదాకా మారలేదు. దేవత అన్న పెద్దమనిషి ఆ గూడు చూడలేదు. అయినా దేవత అనడంలో ఒక సౌకర్యం ఉంది కదా. దేవతలు చేసిన పని మనం చెయ్యక్కర్లేదు. దండం పెట్టి ఇంటికి పోవచ్చు.

ఆవిడ నాకు చుట్టం కాదు. మాది ఎదురిల్లు. ఊరంతా పిన్నిగారంటే నేనూ అన్నాను. గదుల సంగతి తెలియనివాళ్ళ కోసం మొదటినుంచీ చెబుతాను.

జంక్షను రోడ్డులో వాళ్ళ మామిడి మండీ. ముందు రేకుల షెడ్డు, వెనక పెంకుల కప్పు కింద వరసగా గదులు. దూరం వెళ్ళే కాయని పచ్చిదే పెట్టెల్లో సర్ది లారీ ఎక్కిస్తారు. చుట్టుపక్కల అంగళ్ళకీ, ఆఫీసర్ల ఇళ్ళకీ, చుట్టాలకీ పోవలసిన రసాలని మాత్రం ఈ గదుల్లో ఎండుగడ్డి మీద పేర్చి, పైన గడ్డి కప్పి, తలుపు మూసి మాగవేసేవాళ్ళు. ఎండాకాలం పోతే ఆ గదులు ఎలుకలవి. ఏడెనిమిదేళ్ళుగా అందులో మతి చెడి రోడ్డున పడ్డ మనుషులు కాపురం ఉంటున్నారు. ఆశ్రయం అనలేదు, కాపురం అన్నాను. ఎవరి గది తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉంటుంది.

అది మొదలైంది బస్టాండులో ఉండే ఒకావిడతో. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు. జి. కొండూరు వైపు మనిషని కొందరన్నారు, లారీ దించిపోయిందని కొందరన్నారు. లారీ మాట నేను నమ్మాను. మన ఊళ్ళో ఒక అలవాటుంది. ఏ సభలోనూ ఎవరూ దాని గురించి మాట్లాడరు. మంత్రి వస్తున్నాడంటేనో, తిరనాళ్ళంటేనో, రోడ్డు మీద తిరిగే పిచ్చివాళ్ళని పోగుచేసి మామిడికాయల లారీ ఎక్కిస్తారు. డ్రైవరు ఏ నాలుగు జిల్లాల అవతలో టీ కోసం ఆగి దించేస్తాడు. అవతలి ఊళ్ళవాళ్ళూ అమాయకులేం కాదు, వాళ్ళ మనిషిని ఉల్లిపాయల లారీలో మనకి పంపిస్తారు. మామిడి వెళ్తుంది, ఉల్లి వస్తుంది. మనిషి వెళ్తాడు, మనిషి వస్తాడు. దీన్ని వర్తకం అంటే కోపాలొస్తాయి గానీ, ఇంకేమనాలో ఎవరైనా చెప్పండి.

ముసురు పట్టిన ఒక రోజు ఆ బస్టాండు ఆవిడ మండీ చూరు కింద నిలబడింది. పిన్నిగారు షెడ్డులోంచి కేకేసింది. "అక్కడ నిలబడి నువ్వూ తడిసి నా గోడా తడుపుతున్నావు. లోపలికన్నా రా, అవతలికన్నా పో."

ఆవిడ లోపలికి వచ్చింది. ఖాళీ గది చూపించారు. చాప ఇచ్చారు. ఆవిడ పడుకోలేదు. తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. మర్నాడూ అంతే. అన్నం పెడితే తలుపు దగ్గరే తినడం, అక్కడే కూర్చుని కునికిపాట్లు పడడం. ఎవరైనా తలుపు తోస్తే కేకలు. బస్టాండులో బతికిన ఆడమనిషి తలుపుకి వీపు పెట్టి ఎందుకు కూర్చుంటుందో వివరించి రాయాల్సిన ఊళ్ళో ఉన్నాం మనం. పిన్నిగారికి వివరించక్కర్లేకపోయింది. తలుపు ఇటూ అటూ తిప్పి చూసింది. కాయలు మాగవేసే గది కదా, గొళ్ళెం బయటే ఉంది. లోపల ఏమీ లేదు.

వడ్రంగిని పిలిపించింది. అతను సరంజామా దించి, "లోపల గడియ దేనికండీ పిన్నిగారూ? కాయలు లేచి వేసుకుంటాయా?" అన్నాడు.

"వేసుకుంటాయి. నువ్వు బిగించు."

గడియ బిగించిన రోజు ఆవిడ లోపలికి వెళ్ళి వేసుకుంది. మర్నాడు పొద్దెక్కినా తియ్యలేదు. కూలీలు కంగారుపడి తలుపు బాదబోతే పిన్నిగారు చెయ్యి అడ్డం పెట్టింది. "కొట్టకండి. అది ఎన్నేళ్ళ నిద్రో."

ఈ మాట నేను చెవులారా విన్నాను. ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా సరే, మతి చెడినవాళ్ళని ఉంచిన తలుపుకి గొళ్ళెం బయటే ఉంటుంది. పెరట్లో గది అయినా అంతే, ఆస్పత్రి అయినా అంతే. తెల్లవాడి కాలం నాటి చట్టం కూడా బయటి గొళ్ళెం గురించే రాసింది. వాళ్ళనుంచి మనల్ని కాపాడుకోవడం ఎలా అన్నదే ఇన్నాళ్ళూ మన ఆలోచన. మననుంచి వాళ్ళని కాపాడాలన్న ఆలోచన ఒక మామిడికాయల మండీలో పుట్టింది.

ఆ తర్వాత ఇంకా కొందరు వచ్చారు. అందులో ఒకాయన చాట్రాయి వైపు తోటల్లో కాపలా ఉండేవాడు. కాపలా మనిషికి చెవులే కదా ఆధారం. ఆ చెవులే అతన్ని మోసం చేశాయి. తోటలో ఎవరూ లేనప్పుడు కూడా కొమ్మలు విరుస్తున్న చప్పుడు, అరుపులు వినిపించడం మొదలైంది. కేకలేస్తూ పరుగెత్తేవాడు. తోట యజమాని పొమ్మన్నాడు. భార్యని పుట్టింటివాళ్ళు తీసుకుపోయారు. తర్వాత అతను రోడ్డు పక్క చెట్లకి కాపలా కాసేవాడు. కర్ర పట్టుకుని, ఏ చింతచెట్టు కిందో, తుమ్మచెట్టు కిందో నిటారుగా నిలబడేవాడు. పిల్లలు రాళ్ళు వేసేవాళ్ళు. గుమాస్తా అతన్ని మండీకి తీసుకొస్తే, పిన్నిగారు ఎగాదిగా చూసి, "కాపలా కాస్తావా? సరే, ఈ గదికి కాయి. నీదే," అంది. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

మొదటి ఏడాది సీజను వచ్చింది. సీజనంటే మన ఊళ్ళో పెళ్ళిళ్ళు కూడా పక్కకి జరుగుతాయి. ఉగాది దాటగానే గదులు ఖాళీ చేసి, కడిగి, గడ్డి పరవడం వాళ్ళ మామగారి కాలంనుంచీ ఉన్న పద్ధతి. పిన్నిగారికి ఇందులో తప్పేమీ కనిపించలేదు. మండీలో పుట్టి మండీలో మెట్టిన ఎవరికీ కనిపించదు. అందరినీ కూర్చోబెట్టి మంచిగానే చెప్పింది. "రెండు నెలలే. షెడ్డులో పడుకోండి, అన్నం వేళకి వస్తుంది. కాయ అయిపోగానే ఎవరి గది వాళ్ళదే." బస్టాండు ఆవిడ బుద్ధిగా విని తలూపింది. తాళంచెవి తెచ్చి పిన్నిగారి చేతిలో పెట్టింది. మొదటి బండి కాయ దిగేటప్పటికి ఆవిడ లేదు.

జంక్షనులో కనిపించిందని ఒకళ్ళు, బాపులపాడు రోడ్డు మీద నడుస్తోందని ఒకళ్ళు అన్నారు. పిన్నిగారి పెద్దబ్బాయి స్కూటరు వేసుకుని ఎండలో తిరిగాడు. నేను పోలీసు స్టేషనుకి వెళ్ళి అరిచాను. లారీ డ్రైవర్లని అడిగాం. దొరకలేదు. ఇవాళ్టికీ దొరకలేదు.

పిన్నిగారు ఏడవలేదు. గడ్డి నిండిన ఆ గది ముందు చాలాసేపు నిలబడి, "గది ఇచ్చాననుకున్నాను మేష్టారూ. అరువిచ్చాను," అంది.

మరుసటి ఏడు ఉగాది వెళ్ళాక గడ్డిమోపుల బండి మండీ దగ్గర ఆగకుండా మా వీధిలోకి వచ్చింది. పిన్నిగారు వాళ్ళింటి హాల్లో కుర్చీలు తీయించి గడ్డి పరిపిస్తోంది. ఆ ఏడాది ఇంట్లో కొత్తగా కొన్న టీవీ ఒక మూల గోనెపట్టా కప్పుకుని నిలబడింది. పెద్దబ్బాయి పరుగెత్తుకొచ్చాడు.

"ఇంట్లో కాయలేంటమ్మా? బజారంతా నవ్వుతుంది."

"నవ్వనీరా. నవ్వితే కాయ మాగదా?"

"మనుషులొస్తే ఎక్కడ కూర్చోబెట్టను?"

"గడప మీద. కాయకి ఏ కప్పయినా ఒకటేరా. దాన్ని ఇవాళ ఇక్కడ పెట్టు, రేపు అక్కడ పెట్టు, అది పోయి జంక్షన్లో నిలబడదు."

అప్పట్నుంచి ప్రతి ఎండాకాలం అంతే. ఇల్లంతా పండ్ల వాసన, ఈగలు, ముసురుకునే చిన్న చిన్న పురుగులు. చుట్టాలు గడ్డి మీద అడుగులు వెతుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళేవాళ్ళు. ఆవిడ మంచం మాత్రం హాలు మధ్యలో కదలకుండా ఉండేది. చుట్టూ రసాలు, మధ్యన ఆవిడ. ఏ వరస పండిందో పడుకున్నచోటునుంచే వాసన బట్టి చెప్పేది. బస్టాండు ఆవిడ గదిని కొన్నాళ్ళు ఖాళీగా ఉంచుతుందేమో అనుకున్నాను. ఉంచలేదు. కుట్టుమిషను మీద బతికి, మొగుడు వెళ్ళగొట్టాక మతి చెడిన ఒకావిడకి ఇచ్చేసింది. "తాళం వేసి ఏడిస్తే అది తిరిగొస్తుందా? వచ్చినా ఇంకో గది ఉంది," అంది. ఆ కుట్టుమిషను ఆవిడకీ పిన్నిగారికీ ఒక్క రోజు పడలేదు. పొద్దున్నే తిట్టుకునేవాళ్ళు. మధ్యాహ్నం పిన్నిగారి జాకెట్టు ఆవిడే కుట్టి తెచ్చేది, "చంకలో బిగువుగా ఉందే" అని మళ్ళీ తిట్లు. గది పోతుందన్న మాట మాత్రం ఎంత కోపంలోనూ పిన్నిగారి నోట రాలేదు. గమనించండి, ఇది చిన్న విషయం కాదు. తల మీద కప్పు ఉన్న ప్రతివాడికీ పోట్లాడే హక్కు ఉంటుంది. దానం పుచ్చుకునేవాడికే ఉండదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆవిడ గదుల వరస వెంట నడిచేది. తలుపు తోసేది కాదు. రెండు వేళ్ళతో కొట్టి, "ఉన్నావా?" అనేది. లోపల్నుంచి "ఉన్నా" అని వస్తే తర్వాతి తలుపు. రాకపోతే గుమాస్తాని పిలిచేది. అంతే, ఇంకో మాట లేదు. ఒకరోజు నేను, "బాగున్నావా అని అడగొచ్చు కదండీ," అన్నాను.

"బాగున్నావా అంటే వాళ్ళు అబద్ధమాడాలి. ఉన్నావా అంటే నిజం చెప్పొచ్చు."

ఇవన్నీ విని, మేష్టారు ఆవిడకి శిష్యుడైపోయాడనుకోకండి. మా ఇద్దరికీ అరుగుల మీద రోజూ యుద్ధమే. ఒక యుద్ధంలో నేనే గెలిచాను, అదీ చెప్పాలి. ఒక ఏడు పెద్దబ్బాయి కాయ త్వరగా పండడానికి కార్బైడు పొట్లాలు తెచ్చాడు. కొత్త పద్ధతి, అందరూ పెడుతున్నారు. పిన్నిగారు పొట్లాలన్నీ గోతిలో పూడ్పించింది. "దాంతో తోలు పండుతుందిరా, లోపల పులుపు అలాగే ఉంటుంది. ఊరిని మోసం చేస్తావా?" అంది. బాగుంది. అదే వారం నేను చాట్రాయి ఆయన్ని బెజవాడలో డాక్టరుకి చూపించి వచ్చాను. నెలకో ఇంజెక్షను, రోజూ ఒక మాత్ర. పిన్నిగారు ససేమిరా అంది. ఇంజెక్షనూ కార్బైడే అని తీర్మానించింది.

"మనిషికి పొట్లం పెడతావా మేష్టారూ? పైకి రంగొస్తుంది. లోపల వాడి బాధ వాడిదే."

"మనుషులు కాయలు కాదు పిన్నిగారూ. ఇది జబ్బు. జబ్బుకి మందుంది."

"గదిలో నిమ్మళంగా ఉంటే వాడే మాగుతాడు."

"చెవిలో ఇరవై మంది అరుస్తుంటే గదిలో నిమ్మళం ఎక్కణ్ణుంచొస్తుందండీ? బయటివాళ్ళు రాకుండా మీరు గడియ పెట్టించారు. చెవి లోపలున్నవాళ్ళకి ఏ గడియ పెడతారు?"

ఇద్దరం గొంతులు పెంచాం. చాట్రాయి ఆయన అరుగు కింద కర్ర పట్టుకుని నిలబడి ఇద్దరినీ చూస్తున్నాడు. అతన్ని ఎవరం అడగలేదు. చివరికి అతనే కల్పించుకున్నాడు.

"అమ్మా, తోటలో అరుపులు తగ్గితే చాలమ్మా. నాకూ నిద్రొస్తంది."

పిన్నిగారు అరుగు దిగి అతని ముందుకి వెళ్ళింది. తర్వాత, "సరే. పొడిపించుకో. తేడా చేస్తే మేష్టారి పని చెబుతా," అంది. ఆ నెలనుంచి ప్రతి నెలా గుమాస్తా అతన్ని బెజవాడ బస్సు ఎక్కించేవాడు. అరుపులు పూర్తిగా పోలేదు, దూరం జరిగాయి. "ఇప్పుడు పక్క తోటలో అరుస్తన్నారండి," అనేవాడు నవ్వుతూ. తర్వాత మిగతావాళ్ళూ వెళ్ళారు, కుట్టుమిషను ఆవిడ తప్ప. ఆవిడ వద్దంది. పిన్నిగారు బలవంతం చెయ్యలేదు, గదీ తియ్యలేదు. బలవంతమైనా చెయ్యాలి కదా అని నేను గొణిగాను. "మందు నీ పని, గది నా పని. దీనికీ దానికీ ముడేస్తే ఊరుకోను," అంది. ఆలోచిస్తే ఆవిడదే సరైన మాట. గది పోతుందేమోనని మందు మింగేవాడు జబ్బుకి మింగుతున్నట్టు కాదు, భయానికి మింగుతున్నట్టు.

ఒకసారి మున్సిపాలిటీ నుంచి ఒక అధికారి వచ్చాడు. ఎవరో అర్జీ పెట్టారు, ఊరి మధ్య పిచ్చివాళ్ళని పెట్టారని. మర్యాదస్తుడే. మామిడి రసం తాగుతూ నింపాదిగా చెప్పాడు. "అమ్మా, మీ మనసు గొప్పది. కానీ పద్ధతంటూ ఒకటుంది కదండీ. ముందు ఆస్పత్రిలో పెట్టి బాగవనివ్వండి. స్నానం, శుభ్రం, పని అలవాటైతే అప్పుడు గది ఇవ్వొచ్చు."

పిన్నిగారు హాల్లో గడ్డి వైపు చెయ్యి చూపించింది. "బాబూ, మాది మామిడికాయల కొంప. పచ్చికాయ తెచ్చి గడ్డిలో పెడతాం, అది పండుతుంది. ముందు పండి రా, అప్పుడు గడ్డిలో పెడతానని కాయతో అన్నవాణ్ణి నేను చూళ్ళేదు."

"అన్నీ పండవు కదండీ," అన్నాడాయన.

"పండవు. పండకపోతే పచ్చడవుతుంది. రోడ్డు మీద పారేస్తామా?"

ఆయన గ్లాసు పెట్టి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఊరుకోలేదు. "పిన్నిగారూ, ఇది మీరు చెయ్యాల్సిన పని కాదు. సర్కారు చెయ్యాల్సింది. మీరు చేస్తున్నన్నాళ్ళు వాళ్ళు చెయ్యరు," అన్నాను.

"సర్కారు వచ్చేదాకా వానని ఆగమంటావా?"

"మీ తర్వాత?"

ఆవిడ ఆయన పెట్టిన గ్లాసు తీసుకుని లేచింది. "నువ్వు రాయి మేష్టారూ," అంది. "నీ చేతిలో ఉన్న పని అదే. నేను గదులు ఊడిపిస్తాను."

అందుకే రాస్తున్నాను. తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, పరిపాలన ప్రజల గుమ్మంలోకి వచ్చిందన్నారు. గుమ్మమే లేనివాడి మాటేమిటి? రెండు రూపాయల బియ్యానికి కార్డు కావాలి, కార్డుకి ఇంటి నంబరు కావాలి. మండీ గదులకి నంబర్లు వేయించడానికి నేను ఆఫీసుల చుట్టూ తిరిగిన తిరుగుడు ఇంకో వ్యాసం. నంబరు వేసిన రోజు చాట్రాయి ఆయన తడి రంగు మీద వేలు పెట్టి చూసి, నాలుగు రోజులు ఆ వేలు కడుక్కోలేదు.

పోయిన రోజు దగ్గరికి వస్తాను. బడినుంచి నేరుగా మండీకి వెళ్ళి ఆ నలుగురికీ నేనే చెప్పాను. కుట్టుమిషను ఆవిడ నన్ను తిట్టింది, అబద్ధాలకోరువన్నది. లారీలో వచ్చిన ఒకతను ఉన్నాడు. మాకెవరికీ రాని భాష అతనిది. నా మొహం చూసి అర్థం చేసుకుని నేల మీద కూర్చుండిపోయాడు. ముసలావిడ ఒకావిడ పమిట నోట్లో కుక్కుకుంది. చాట్రాయి ఆయన ఏడవలేదు.

"సీజనుకి ముందే పోయారాండీ?" అని అడిగాడు.

"అవును," అన్నాను.

లోపలికి వెళ్ళి గడియ వేసుకున్నాడు. ఆ చప్పుడు విన్నాక, అతను ఏం లెక్క వేసుకున్నాడో నాకర్థమైంది. పిచ్చివాడనుకునే మనిషికి మా అందరికంటే ముందు అసలు సంగతి తట్టింది.

పెద్దకర్మ నాటి భోజనాల దగ్గర ఆ సంగతి పైకి వచ్చింది. పిన్నిగారి అల్లుడు పెరుగు వడ్డించుకుంటూ, "ఇంక గదులు ఖాళీ చేయిస్తే ఈ సీజనుకి అందుకుంటాయి కదా బావా. ఇంట్లో ఈ గడ్డి గోల ఎన్నాళ్ళు?" అన్నాడు. పెద్దబ్బాయి జవాబు చెప్పకుండా పక్క విస్తరికి వెళ్ళాడు.  నేను మర్నాడు వాళ్ళ అరుగెక్కాను. నోరు తెరవకముందే చెయ్యెత్తాడు.

"ఉపన్యాసం వద్దు మేష్టారూ. నాకూ ఇల్లుంది, పిల్లలున్నారు. మీకేమండీ, రాసేసి నిద్రపోతారు. పండ్ల ఈగల మధ్య పడుకునేది మేము."

కాదనడానికి లేదు.   దిగి వచ్చేశాను.

ఉగాది వెళ్ళింది. మొన్న పొద్దున మొదటి బండి రసాలు తోటనుంచి వచ్చి మండీ ముందు ఆగింది. ఊళ్ళో సగంమంది పని ఉన్నట్టు అక్కడే తిరుగుతున్నారు. గుమాస్తా నన్ను చూసి కళ్ళు దించుకున్నాడు. చాట్రాయి ఆయన తెల్లవారినప్పట్నుంచీ గడియ తియ్యలేదట. కాఫీ అందించబోతే పలకలేదట. బండివాడు ఎద్దుల్ని విప్పకుండా, "ఎక్కడ దించమంటారండీ?" అని అడిగాడు.

పెద్దబ్బాయి గదుల వరస వైపు నడిచాడు. చాట్రాయి ఆయన తలుపు ముందు ఆగాడు. చెయ్యి ఎత్తి, ఎలా కొట్టాలో తెలియనట్టు ఒక్క క్షణం ఉండి, రెండు వేళ్ళతో తట్టాడు. "ఉన్నావా?" అన్నాడు. పిన్నిగారి గొంతు కాదు అది. వ్యాపారస్తుడి గొంతు, కొంచెం సిగ్గుపడుతున్న గొంతు.

లోపలినుంచి ఏమీ లేదు. మళ్ళీ తట్టాడు. "కాయ ఇంటికి పంపుతున్నా. ఉన్నావా?"

కాసేపటికి లోపలినుంచి, "ఉన్నానండి," అని వినిపించింది.

పెద్దబ్బాయి వెనక్కి తిరిగి బండివాడికి ఇంటి వైపు చెయ్యి చూపించాడు. గదిలో గడియ తీసిన చప్పుడు అందరికీ వినిపించింది.

దీంతో అంతా బాగైందని నేను రాయను. ఈ ఏడాదికి ఒక కొడుకు మనసు మంచిదైంది. వచ్చే ఏడాది సంగతి ఎవరికి తెలుసు? ఒక ఇంటివాళ్ళ మంచితనం మీద నిలిచిన గది కూడా అరువు గదే. ఊళ్ళో మున్సిపాలిటీ ఉంది, మార్కెటు పన్నులున్నాయి, తుప్పు పట్టిన గోడౌన్లు ఉన్నాయి. పిన్నిగారి ఫోటోకి దండ వేసినవాళ్ళంతా వాటి తలుపులకి లోపల గడియలు బిగించే సంగతి మాట్లాడాలి. మాట్లాడేదాకా నేను రాస్తూనే ఉంటాను. ఆవిడ నాకు అప్పజెప్పింది ఆ పనే.

బండి వెనకే నేనూ మా వీధికి వచ్చాను. చాట్రాయి ఆయన నాకన్నా ముందే వచ్చి హాల్లో గడ్డి విదిలిస్తున్నాడు. కూలీలు మధ్యలో ఉన్న పిన్నిగారి మంచం రెండు వైపులా పట్టుకుని లేపబోయారు. "ఇది ఎటు పెట్టమంటారండీ?" అన్నారు. పెద్దబ్బాయి వాకిట్లోంచి, "దాన్ని ఉండనీండి, చుట్టూ పరవండి," అన్నాడు.

సాయంత్రం వెళ్ళి చూశాను. హాలు నిండా ఎండుగడ్డి. గడ్డిలో వరస వరసన పచ్చటి రసాలు, తొడిమలు కిందికి తిప్పి. మధ్యలో నులక మంచం. దాని కింద కూడా గడ్డి పరిచి కాయలు పేర్చారు. ఇంకా వాసన రాలేదు.